45 అక్షరాల జబ్బు

2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో ఒక రకం రాతిపలకతో వంటింటి గట్టు కట్టడం చట్టవిరుద్ధం. అక్కడివాళ్ళు ఆ గట్టును బెంచ్‌టాప్ అంటారు. క్వార్ట్జ్ పొడిని జిగురులాంటి రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన ఆ కృత్రిమ రాయిలో సిలికా 95 శాతం దాకా ఉంటుంది. గ్రానైట్‌లో అది సుమారు 30 శాతం, పాలరాతిలో రెండు శాతం. సింక్ కోసమో కుళాయి కోసమో ఈ పలకకు కట్టర్‌తో కంత పెట్టినప్పుడు లేచే పొడి, నిండా నలభై ఏళ్ళు లేని పనివాళ్ళ ఊపిరితిత్తులను కూడా గట్టిపరిచేస్తోందని 2015 తరవాత ఒక్కొక్క కేసే బయటపడుతూ వచ్చింది. 2018లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం రాతిపనివాళ్ళకు వైద్యపరీక్షలు మొదలుపెట్టింది. 2019లో దేశం మొత్తానికీ ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. 2023 డిసెంబర్ 13న కేంద్ర, రాష్ట్ర మంత్రులు కూర్చుని నిషేధానికి సరేనన్నారు. ఇలా ఆ రాయిని పూర్తిగా నిషేధించిన తొలి దేశం ఆస్ట్రేలియానే.

అక్కడి టీవీల్లో, కార్మిక సంఘాల కరపత్రాల్లో ఆ జబ్బు పేరు సిలికోసిస్. ముక్కలు చేస్తే నాలుగే: సి, లి, కో, సిస్. ఊపిరి సలపనివాడు కూడా ఒక్క గుక్కలో అనగలిగిన మాట.

అదే జబ్బుకు ఇంకో పేరుంది. మన బడిపిల్లల్లో చాలామందికి సిలికోసిస్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు గానీ ఈ రెండో పేరు మాత్రం కంఠతా వచ్చు. ఇంగ్లిష్ నిఘంటువుల్లోకెల్లా పొడవైన మాట ఏదని క్విజ్‌లో అడగడమే ఆలస్యం, న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్ అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేస్తారు. ఇంగ్లిష్ లిపిలో 45 అక్షరాలు. అతి సన్నని సిలికా పొడి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని దాని అర్థం.

అయితే ఈ మాటను పుట్టించినవాడు డాక్టరు కాదు. అమెరికాలో పదాల పజిళ్ళు కట్టేవాళ్ళకు నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే సంఘం ఉంది. దాని అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో న్యూయార్క్ సమావేశంలో, వైద్యులు పెట్టే పేర్లు నానాటికీ కొండవీటి చాంతాడంత అవుతున్నాయని వేళాకోళం చేస్తూ దీన్ని అల్లాడు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వార్త వేసింది. పత్రికలో అచ్చయిన మాట పుస్తకాల్లోకి, అక్కడినుంచి మెరియమ్ వెబ్‌స్టర్‌లోకి, ఆక్స్‌ఫర్డ్‌లోకి ఎక్కింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం ఇది కావాలని కల్పించిన మాట అని ముందే చెప్పి మరీ అర్థం ఇస్తుంది. అందులోని వోల్కేనో అనే అగ్నిపర్వతం ముక్క వట్టి సోకు. ఆస్ట్రేలియాలోని బెండిగో గనిలోనైనా బ్రిస్బేన్ రాతి కార్ఖానాలోనైనా ఈ జబ్బు రావడానికి అగ్నిపర్వతంతో పని లేదు.

వేళాకోళానికి పుట్టినా, పొడవాటి వైద్యపదాన్ని ఎలా విడదీయాలో, ఎలా పలకాలో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. తెలుగువాడికి మరీను. ఎందుకంటే పద్యం పాదాన్ని పట్టుకుని పదచ్ఛేదం చేయడం మనకు బడిలోనే నేర్పుతారు. అదే పని ఇక్కడ చేస్తే మాట దానంతటదే ఆరు ముక్కలవుతుంది. న్యూమోనో అంటే గ్రీకులో ఊపిరితిత్తి. అల్ట్రా అంటే మించినది. మైక్రోస్కోపిక్ తెలిసిందే. సిలికో అంటే సిలికా. తరవాత వోల్కేనో. చివరిది కోనియోసిస్: గ్రీకులో కోనిస్ అంటే దుమ్ము, ఓసిస్ అంటే రోగస్థితి. మొదటి ముక్కనూ చివరి ముక్కనూ అతికిస్తే న్యూమోకోనియోసిస్. ఇది మాత్రం అచ్చమైన వైద్యపదం. 1860లలో జర్మన్ వైద్యుడు జెంకర్ దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులన్నిటికీ కలిపి పెట్టిన పేరుకు ఇది కాస్త కుదించిన రూపం. స్మిత్ చేసిందల్లా దాన్ని నడిమికి కోసి, మధ్యలో నాలుగు ముక్కలు కూరడం.

పదచ్ఛేదం ఒకటి, ఉచ్చారణ విభజన ఇంకొకటి. నోటితో అనేటప్పుడు ఆరు ముక్కలు చాలవు, పందొమ్మిది కావాలి: న్యూ, మో, నో, అల్, ట్రా, మై, క్రో, స్కో, పిక్, సి, లి, కో, వోల్, కే, నో, కో, ని, ఓ, సిస్.

పందొమ్మిది అనగానే ఛందస్సు చదివినవారికి ఒకటి తట్టాలి. శార్దూల విక్రీడితానికి పాదానికి పందొమ్మిది అక్షరాలే. అంటే ఈ జబ్బు పేరు లెక్కకు ఒక శార్దూల పాదమంత. గణాలు వేసి చూడాలనిపిస్తే చూడొచ్చు. న్యూమోనో మూడూ గురువులే, మొదటి మగణం చక్కగా కుదిరింది. ఆ వెంటనే సగణం రావాలి, రెండు లఘువులూ ఒక గురువూ. వచ్చింది అల్ట్రామై, మళ్ళీ మూడు గురువులు. రెండో గణానికే శార్దూలం కుంటుపడింది. పదమూడో అక్షరం దగ్గర యతి ఊసే ఎత్తక్కర్లేదు. మొత్తం మాటలో లఘువులు మూడే మూడు: సి, లి, ని. మిగతా పదహారూ గురువులు. ఏ అవధాని చేతికిచ్చినా వెనక్కి ఇచ్చేసే సరుకు.

ఈ సరదా లెక్కలోనే అసలు చిక్కు దాగుంది. తెలుగువాడు ఈ మాటను పలికితే పదహారు గురువులూ వినిపిస్తాయి. మన భాష స్వభావం అది. దీర్ఘం రాస్తే దీర్ఘం పలకాలి, ఒత్తుంటే ఒత్తాలి, ఏ అక్షరానికీ అన్యాయం జరగకూడదు. ఇంగ్లిష్ అలా పలకదు. పందొమ్మిదిలో ఏడెనిమిదింటిని ఎత్తి పట్టుకుని, మిగతావాటిని మింగేస్తుంది. న్యూ మీద ఒక దెబ్బ, అల్ మీద ఒకటి, మై మీద ఒకటి, స్కో, సి, కే, రెండో కో, చివరికి ఓ. వీటన్నిటిలోకీ పెద్ద దెబ్బ ఆ చివరి ఓ మీద. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని ఊనిక అంటారు. ఊనిక లేని చోట మో కాస్తా మ అవుతుంది, ట్రా ట్ర అవుతుంది, క్రో క్ర అవుతుంది. స్కో కూడా మనం రాసుకున్న స్కో కాదు, స్కాకు దగ్గర. వినేవాడి చెవి వెతికేది ఆ దెబ్బలనే. అవి ఉండాల్సిన చోట ఉంటే అచ్చుల్లో అటూ ఇటూ అయినా మాట అందుతుంది. అవి లేకుండా ప్రతి అక్షరాన్నీ శుద్ధంగా పలికితే, పలికినవాడికి తృప్తి మిగులుతుంది గానీ అవతలివాడు మళ్ళీ చెప్పమంటాడు.

రెండు అచ్చులు కలిసే చోట ఇంకో తమాషా. నో పక్కన అల్ వస్తే మన నాలుక ఊరుకోదు. రెండు అచ్చులు విడివిడిగా నిలబడటం తెలుగుకు గిట్టదు కాబట్టి మధ్యన యకారాన్ని తెచ్చి న్యూమోనోయల్ట్రా చేస్తుంది. యడాగమం ఇంగ్లిష్ మాట మీద కూడా తన పని తాను చేసుకుపోతుందన్నమాట. ఇంగ్లిష్‌వాడి నోట్లో అక్కడ వకారం లాంటిది జారుతుంది: నోవల్. అదే చివరికొచ్చేసరికి ని తరవాత ఓ దగ్గర ఇద్దరూ ఏకమవుతారు. మనం అనేదీ నియో, వాళ్ళు అనేదీ నియో.

పొడవైన మాటను నాలుకకు ఎక్కించడానికి భాష నేర్పే మాస్టార్ల దగ్గర పాత కిటుకు ఒకటుంది. తలనుంచి కాకుండా తోకనుంచి మొదలుపెట్టాలి. ముందు ఓసిస్. అది కుదిరాక నియోసిస్, కోనియోసిస్, వోల్కేనోకోనియోసిస్. ప్రతిసారీ ముందు ఒక ముక్క తగిలిస్తూ పోవాలి. తలనుంచి మొదలుపెట్టినవాడికి ఊపిరి అయిపోయేది సరిగ్గా పెద్ద దెబ్బ పడాల్సిన చోటనే. తోకనుంచి వచ్చినవాడికి ఆ చోటే అన్నిటికన్నా బాగా వచ్చి ఉంటుంది.

ఈ తోకల్లోనే వైద్యుల ఇంగ్లిష్ గుట్టు చాలావరకు ఉంది. ఓసిస్‌తో ముగిస్తే ఊనిక ఓ మీద: ట్యూబర్‌క్యులోసిస్, సిరోసిస్, థ్రాంబోసిస్. ఐటిస్‌తో ముగిస్తే ఐ మీద: హెపటైటిస్, ఆర్థ్రైటిస్. ఓమాతో ముగిస్తే మళ్ళీ ఓ మీదే: గ్లాకోమా, కార్సినోమా. లాజీ, గ్రఫీ, స్కోపీ, టమీ లాంటి ఈకారాంతాలైతే చివరినుంచి మూడో ముక్క మీద పడుతుంది. మన పల్లెల్లో ఇరవైనాలుగు గంటల నొప్పి అనే అపెండిసైటిస్‌కు చేసే ఆపరేషన్ ఉంది కదా, అమెరికాలో దాన్ని అపెండెక్టమీ అంటే ఆస్ట్రేలియాలో అపెండిసెక్టమీ అంటారు. ఒక ముక్క ఎక్కువ. అయినా ఊనిక లెక్క మారలేదు: అక్కడ డెక్, ఇక్కడ సెక్, రెండూ చివరినుంచి మూడోవే. ఈ నాలుగు లెక్కలూ పట్టుబడితే కొత్త పదం కనబడినప్పుడు నిఘంటువు తెరవక్కర్లేని సందర్భాలే ఎక్కువ.

లెక్కకు లొంగని మాటలూ ఉన్నాయి. అవి రోజూ వాడేవే కావడం విడ్డూరం. జ్వరం బిళ్ళ సంగతే చూడండి. మనం పారాసిటమాల్ అంటాం, మొదటి రెండు దీర్ఘాలకూ పూర్తి న్యాయం చేస్తూ. ఆస్ట్రేలియాలో అది పారసీటమాల్. దెబ్బ సీ మీద పడి, అంతకుముందున్న రా కుంగి ర అయిపోతుంది. మెల్‌బోర్న్‌లో మందులషాపుకు, అంటే వాళ్ళ భాషలో కెమిస్ట్‌కు వెళ్ళి మన పద్ధతిలో అడిగినా బిళ్ళ దొరుకుతుంది లెండి. అక్కడ చాలామంది పనడాల్ అనే బ్రాండు పేరుతోనే అడుగుతారు, ఆ గొడవే ఉండదు. మత్తు ఇచ్చే స్పెషలిస్టును అమెరికాలో అనెస్తీజియాలజిస్ట్ అంటే ఆస్ట్రేలియాలో అనీస్థటిస్ట్. ముక్కలు నాలుగే గానీ, నీ మీద బరువు పెట్టి వెంటనే నాలుకను పళ్ళ మధ్యకు తెచ్చి థ అనాలి. మన థకారంలో ఉండేది వొత్తిన ఊపిరి, వాళ్ళ థలో ఉండేది పళ్ళ సందునుంచి జారే గాలి. ఆపరేషన్ థియేటర్లో కొత్తగా చేరిన మనవాళ్ళను ఇబ్బందిపెట్టే మాటల్లో దీనికి పెద్దపీట వేయొచ్చు.

ఆస్ట్రేలియా ఇంగ్లిష్‌కు తనదైన నోరుంది. అచ్చు వెంట వస్తే తప్ప రకారం పలకదు. డాక్టర్ అక్కడ డాక్టా, కార్డియాక్ కాడియాక్. ఉన్న ప్రతి రేఫనూ పలికే మనకు అది లేని మెట్టు మీద కాలు వేసినట్టుంటుంది. అచ్చుల సంగతి ఇంకా పేరుమోసింది. ముతక యాసలో ఏకారం ఐకారం వైపు ఒరుగుతుంది. దీని మీద ఆసుపత్రి జోకు ఒకటి చాలా ఏళ్ళుగా చలామణిలో ఉంది. గాయపడి వచ్చిన ఇంగ్లండు సిపాయి ఆస్ట్రేలియా నర్సును, "నన్ను ఇక్కడికి తెచ్చింది చావడానికేనా?" అని అడుగుతాడు. చావడానికి అన్న టు డై ఆమె చెవికి టుడే అని వినిపించి, "అబ్బే, మిమ్మల్ని తెచ్చింది నిన్న" అంటుంది.

జోకు సరే, ఈ యాసను లెక్కకట్టి చదివినవాళ్ళు కూడా ఉన్నారు. సిడ్నీలో మిచెల్, డెల్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు పండితులు 1965లో అచ్చువేసిన పరిశీలనలో బడిపిల్లల మాటలు రికార్డు చేసి, ఆస్ట్రేలియా ఉచ్చారణను బ్రాడ్, జనరల్, కల్టివేటెడ్ అని మూడు రకాలుగా విడదీశారు. ఆ డెల్‌బ్రిడ్జే ప్రధాన సంపాదకుడిగా 1981లో మాక్వారీ నిఘంటువు వచ్చింది. తమ మాటకు తమ పలుకే ప్రమాణమని ఆ దేశం చెప్పుకున్న నిఘంటువు అది. అందాకా ఉచ్చారణ కావాలంటే లండన్ వైపు చూసేవారు.

పలుకు ఒకటే కాదు, పొడవంటేనే ఆ జనానికి పడదు. అంబులెన్స్ నడిపి ప్రాణం పోసేవాడు అక్కడ ఆంబో. ఫిజియోథెరపిస్ట్ ఫిజియో. ఒంట్లో బాగాలేదని సెలవు పెడితే సికీ. జబ్బుల పేర్లను కూడా వదల్లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విట్టెనూమ్ అనే ఊళ్ళో 1966 దాకా నీలి ఆస్‌బెస్టాస్ తవ్వారు. గని మూతపడ్డాక దశాబ్దాలపాటు అక్కడ పనిచేసినవాళ్ళు, వాళ్ళ బట్టలు ఉతికిన భార్యలు, ఆ గని పొడిలో ఆడుకున్న పిల్లలు ఊపిరితిత్తుల పొరకు వచ్చే కాన్సర్‌తో పోతూనే ఉన్నారు. 2007లో ప్రభుత్వం ఆ ఊరి పేరునే అధికార పటాలనుంచి తీసేసింది. ఆ కాన్సర్ పేరు మీసోథీలియోమా: మీ, సో, థీ, లి, ఓ, మ. ఆరు ముక్కలు, బరువు ఓ మీద. మీసో అని సగానికి కోసినా అక్కడ జనానికి అర్థమవుతుంది.

ఆ దేశంలో దుమ్ము జబ్బు నిన్నమొన్నటిది కాదు. విక్టోరియాలోని బెండిగో బంగారు గనుల్లో క్వార్ట్జ్ రాతిని యంత్రాలతో తొలిచి తొలిచి కూలీలు కుప్పలుగా దగ్గు పట్టి పోతుంటే, వాల్టర్ సమ్మన్స్ అనే వైద్యుడు పరిశోధించి 1907లో నివేదిక ఇచ్చాడు. అప్పట్లో దాని పేరు మైనర్స్ థైసిస్. పలికితే రెండే ముక్కలు: థై, సిస్. రాసేటప్పుడు మాత్రం మొదట పీ, హెచ్, టీ, హెచ్ అని నాలుగు హల్లులు ఒకదానిమీద ఒకటి పడతాయి. థైసిస్ అన్నా టైసిస్ అన్నా ఒప్పే. పొడవుకూ కష్టానికీ సంబంధం లేదనడానికి 45 అక్షరాల మాటకంటే ఈ ఎనిమిదక్షరాల మాటే గట్టి సాక్ష్యం. స్మిత్ అల్లిన మాటలో రాయకుండా వదిలేసిన శబ్దం లేదు, పలక్కుండా వదిలేయాల్సిన అక్షరం మొదటి పీ ఒక్కటే. బెండిగో కూలీలు ఈ నాలుగు హల్లుల బెడద పడలేక కాబోలు, మైనర్స్ కంప్లెయింట్ అని సరిపెట్టుకునేవారు.

పొట్టి పేర్ల పోటీ పెడితే ఆస్ట్రేలియాకే బహుమతి. 1930లలో బ్రిస్బేన్ కబేళా పనివాళ్ళకు అంతుచిక్కని జ్వరాలు వస్తుంటే, ఎడ్వర్డ్ డెరిక్ అనే వైద్యుడు అది ఏమిటో తేలేవరకు ఉండనీయమని ప్రశ్న అనే అర్థంలో క్యూ అని రాసుకున్నాడు. క్వీన్స్‌లాండ్‌ను తలపించే పేరు పెడితే రాష్ట్రానికి చెడ్డపేరన్న బెరుకూ ఉంది. కారణమైన సూక్ష్మజీవి తేలింది గానీ పేరు మారలేదు. ఈనాటికీ దాని పేరు క్యూ ఫీవరే.

ఆంధ్రదేశానికీ ఆస్ట్రేలియాకూ ఉమ్మడిగా ఒక జబ్బు పేరుంది. ఉత్తరాన డార్విన్‌లో వానాకాలం వస్తే ఆసుపత్రులు దానికోసం కాచుకుని ఉంటాయి. మట్టిలో, బురదనీటిలో ఉండే బాక్టీరియా గాయాల్లోంచి, శ్వాసలోంచి ఒంట్లోకి చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. నైట్‌క్లిఫ్ అనేది డార్విన్‌లో ఒక పేట. అక్కడ పెరటి తోటపని చేసేవాళ్ళ పేరు మీదుగా స్థానికులు దీన్ని నైట్‌క్లిఫ్ గార్డెనర్స్ డిసీజ్ అని కూడా అంటారు. వైద్యుల పేరు మెలియాయిడోసిస్. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుసగా మరణాలు సంభవించినప్పుడు అనుమానిత కారణాల్లో ఈ పేరు వినబడి, తెలుగు పత్రికలు దాన్ని తమ అక్షరాల్లో కూర్చుకోవలసి వచ్చింది.

ఈ ఒక్క మాటను దగ్గరగా పెట్టుకుని చూస్తే తెలుగు నాలుక చేసే పనంతా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఇది అయిదు ముక్కలు: మె, లి, ఆయ్, డో, సిస్. ఓసిస్ తోక కాబట్టి దెబ్బ డో మీద. తెలుగులో రాసేసరికి ఆరయ్యాయి: మె, లి, యా, యి, డో, సిస్. లి తరవాత ఆ వస్తే యడాగమం దూరి యా అయింది. ఆయ్ అనే సంధ్యక్షరం విడిపోయి యా, యి అని రెండయింది. ఇది తప్పేమీ కాదు. ఎప్పుడో హాస్పిటల్‌ను ఆసుపత్రిని చేసిన నోరే ఇదీ చేసింది. కాకపోతే గుంటూరులో చదివి డార్విన్ వార్డులో డ్యూటీ ఎక్కిన డాక్టరు తెలుగు పత్రికలో చదివినట్టే అంటే, ఎదుటి నర్సు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. మాట పుట్టుకలో పెద్ద గూఢార్థమూ లేదు. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు జబ్బును గుర్తించారు. 1921లో స్టాంటన్, ఫ్లెచర్ అనేవాళ్ళు, గాడిదలకు వచ్చే ఒక రోగానికున్న గ్రీకు పేరు తీసుకుని, అలాంటిది అనే అర్థమిచ్చే ఆయిడ్‌ను మధ్యలో, ఓసిస్‌ను చివర అతికించారు.

గ్రీకు మాటల్లో క పలకాలా స పలకాలా అన్న తగాదా అక్కడి డాక్టర్లలోనే తెగలేదు. మెదడువాపును ఒకరు ఎన్‌సెఫలైటిస్ అంటారు, ఇంకొకరు ఎన్‌కెఫలైటిస్. ముర్రే నది లోయ పేరుతో ఆస్ట్రేలియాకు సొంతమైన మెదడువాపు కూడా ఉంది కాబట్టి ఆ మాట అక్కడ కొత్తదేమీ కాదు. ఇద్దరూ లై మీదనే ఒత్తుతారు గనక ఒకరి మాట ఒకరికి అందుతుంది.

ఇదంతా తెలుగువాళ్ళకు వట్టి వినోదం కాదు. 2021 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు 59 వేలమంది. అయిదేళ్ళ ముందు 34 వేలు. వాళ్ళలో ఆసుపత్రి పనికి వెళ్ళాలనుకునే నర్సులు, డాక్టర్లు, ఫార్మసిస్టులు చాలామంది ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్ అనే గుమ్మం దాటాలి. అందరూ ఓఈటీ అంటారు. ఇది ఆస్ట్రేలియాలోనే పుట్టింది. 1980లలో మెల్‌బోర్న్‌కు చెందిన భాషావేత్త టిమ్ మెక్‌నమారా ప్రభుత్వం కోసం దీనికి రూపమిచ్చాడు. మాట్లాడే పరీక్షలో రెండు సన్నివేశాలుంటాయి. ఒక్కోదానికి మూడు నిమిషాలు సిద్ధం కావడానికి, అయిదు నిమిషాలు మాట్లాడటానికి. పరీక్ష రాసేవారు నర్సో డాక్టరో, ఎదురుగా ఉన్నవారు రోగి. మార్కులేసేటప్పుడు చూసేవాటిలో మొదటిది మాట స్పష్టత. ఏ దేశపు యాస అన్నది పట్టించుకోరు. ఊనిక, మాట విరుపు, స్వరం వినేవారికి శ్రమ ఇస్తున్నాయా లేదా అన్నదే చూస్తారు.

కోచింగ్ సెంటర్లలో పదాల పట్టికలు బట్టీ పట్టి వెళ్ళేవారు ఇక్కడే దెబ్బతింటారు. వైద్యపదాన్ని రోగికి తెలిసిన మాటల్లో చెప్పగలగడం కూడా మార్కుల లెక్కలోదే. మీకు న్యూమోకోనియోసిస్ ఉందని స్పష్టంగా పలికి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ఏళ్ళ తరబడి రాతిపొడి పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లో మచ్చలు పడ్డాయని చెప్పి, ఆయాసం ఎప్పటినుంచి ఉందని అడిగేవారికే మిగతా సగం.

రోగి తెలుగు ముసలావిడైతే అప్పుడు పని తలకిందులవుతుంది. ఆస్ట్రేలియాలో 1973లోనే ఫోన్‌లో దుబాసీ సేవ మొదలుపెట్టారు. ఇప్పుడు 131 450కి ఫోన్ చేస్తే తెలుగు దుబాసీని కలుపుతారు. డాక్టరు అన్న లాపరోస్కోపీని ఫోన్ అవతల ఉన్న మనిషి, "కడుపు మీద చిన్న చిన్న కన్నాలు పెట్టి, కెమెరా గొట్టం లోపలికి పంపించి చూస్తారమ్మా" అనాలి. చూపు లేదు, సైగ లేదు, మాటే ఆధారం. శాశ్వత నివాసం కోరే కుర్రకారుకు కూడా ఈ విద్యతో పని పడింది. సీసీఎల్ అనే పరీక్షలో ఇంగ్లిష్, తెలుగు మాట్లాడే ఇద్దరి సంభాషణను ముక్కముక్కగా అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ చెప్పాలి. 90కి 63 వస్తే వీసా లెక్కలో అయిదు పాయింట్లు కలుస్తాయి. వైద్యం అందులో తరచూ వచ్చే అంశం. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు అనస్థీషియాను తడుముకోకుండా పలికి, దాన్ని తెలుగులో ఏమనాలో తెలియక తెల్లమొహం వేస్తారు. మత్తుమందు అన్న మాట ఇంట్లో అమ్మమ్మను అడిగినా వచ్చేది.

పలుకు నేర్చుకున్నాక పేరే మారిపోతే? అదీ జరిగింది. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ టీజీఏ 2016లో మొదలుపెట్టి, వందల మందుల పేర్లను అంతర్జాతీయ పేర్లకు సరిచేసింది. కొన్నిట్లో ఒక అక్షరమే మారింది, చెవికి తేడా తెలియదు. కొన్నిట్లో ముక్కల లెక్కే మారింది. ఒంటినీరు తీసే మందు ఫ్రూసమైడ్ మూడు ముక్కలు. కొత్త పేరు ఫ్యూరోసమైడ్ నాలుగు. సూది గుచ్చేముందు మొద్దుబార్చే లిగ్నోకైన్ లిడోకైన్ అయింది. మన కాలేజీల్లో పాత పేర్లతో చదువుకుని వెళ్ళినవారికి ఇది కొత్త పాఠం. పాకెట్ల మీద రెండు పేర్లూ కొన్నాళ్ళు పక్కపక్కనే వేసి, తరవాత పాతవి తీసేశారు. అడ్రెనలిన్ దగ్గర మాత్రం ఆగారు. గుండె ఆగిపోతున్న మనిషి పక్కన నిలబడి కేకేయాల్సిన పేరది. దాన్ని అడ్రెనలిన్‌గానే ముందుంచి, నాలుగు ముక్కల ఎపినెఫ్రిన్‌ను దాని పక్కన రాయమన్నారు.